దవడ పంట్లో వెండి

ఫ్యాక్టరీ క్వార్టర్స్, వెనక వరస
వాన పడుతున్న ఆదివారం

మా ఆడపడుచు డాక్టరమ్మకి,

ఇక్కడ అందరం క్షేమం అని రాద్దామనుకున్నాను గానీ అబద్ధం ఎందుకు. కింద దవడలో కుడివైపు, చివరి నుంచి రెండో పన్ను పుచ్చింది. చల్లటి నీళ్ళు తగిలితే ప్రాణం జివ్వుమంటోంది. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఈ ఇంట్లో నేను ఫోన్ పట్టుకుంటే మీ అన్నయ్య ఒక చెవి, పక్కింటివాళ్ళు ఒక చెవి వేస్తారు. ఉత్తరమైతే నువ్వొక్కదానివే చదువుతావు, నేనూ తీరిగ్గా తిట్టుకోవచ్చు.

తిట్టేది నిన్ను కాదు, మా ఫ్యాక్టరీ డాక్టర్ని. ఏటా చేసే పరీక్షలో నోట్లో లైటు వేసి చూసి, పీకించెయ్యమ్మా పీడా పోతుంది అన్నాడు. ఫిల్లింగ్ వేయించుకుంటానంటే ఈ వయసులో అంత అవసరమా అన్నాడు. పెళ్ళికూతురికి తప్ప పళ్ళు ఇంకెవరికీ అక్కర్లేదని ఆయన ఉద్దేశం. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోమన్నట్టుంది.

నా పనేంటో నువ్వు ఎప్పుడూ సరిగ్గా అడగలేదు, నేనూ చెప్పలేదు. బిస్కట్లు తింటాను, జీతమిస్తారు, అంతే అనుకుంటారు అందరూ. తినను. ప్రతి ట్రే నుంచి ఒకటి తీసి, విరిచి, చప్పుడు విని, ముందు పళ్ళతో కొరికి, దవడ పళ్ళ మధ్య నమిలి, అంగిట్లో పెట్టుకుని, పక్కనున్న గిన్నెలో ఊసేస్తాను. గోరువెచ్చని నీళ్ళతో పుక్కిలించి మళ్ళీ ఇంకోటి. చక్కెర కరిగిందా లేదా, అడుగు మాడిందా, సోడా ఎక్కువైందా అన్నది దవడ పళ్ళు చెప్తాయి. ముందు పళ్ళకి తెలిసేది చాలా తక్కువ. నేను సరే అంటే ట్రే ప్యాకింగ్‌కి పోతుంది, కాదంటే వెనక్కి పోతుంది. ఈ ఫ్యాక్టరీలో మేనేజరు మాట వెనక్కి తిప్పే ఆడది నేనొక్కదాన్నే. అది కూడా నమిలి ఊసేసిన తర్వాత.

ఆ పన్ను పోతే నన్ను ప్యాకింగ్‌కి పంపిస్తారు. నేను ప్యాకింగ్ నుంచి ఈ రుచి బల్ల దగ్గరికి రావడానికి ఎంత మంది కాళ్ళు తొక్కానో, ఎంత మంది నా కాళ్ళు తొక్కారో నాకు తెలుసు. వెనక్కి మాత్రం పోను. మీ అన్నయ్య వ్యాన్ తోలి వచ్చి, పన్నే కదా, గొడవెందుకు అంటున్నాడు. ఆయన పన్ను కాదుగా.

ఏం వేస్తావో, ఎలా వేస్తావో రాయి. పీకమని మాత్రం రాయకు.

నీ వదిన


క్లినిక్ మీది గది
శుక్రవారం

వదినకి,

పీకమని రాయను. ముందు నేనడిగేవాటికి నిజం చెప్పు. చల్లటి నీళ్ళు తాగితే జివ్వుమని వెంటనే పోతోందా, చాలాసేపు సలుపుతోందా? ఏమీ తగలకుండా దానంతట అదే నొప్పి పుడుతోందా? వెంటనే పోతుంటే లోపల నరం ఇంకా బాగుందని అర్థం, పుచ్చు తవ్వి నింపేస్తే సరిపోతుంది. సలుపుతుంటే కథ వేరు. నాకు ధైర్యం చూపించడానికి అబద్ధం చెప్పకు, నీ పన్ను ఎలాగూ నాతో నిజం చెప్తుంది.

ఇక నింపేవాటి సంగతి. పంటి రంగుది ఒకటి ఉంది. ముద్దలా పెట్టి నీలం లైటు వేస్తే గట్టిపడుతుంది. చూడటానికి బాగుంటుంది, అందరూ అదే అడుగుతారు, నేనూ ఎక్కువ మందికి అదే వేస్తాను. కానీ వేసేటప్పుడు పన్ను పొడిగా ఉండాలి. ఉమ్మి తగిలిందంటే సరిగ్గా అతుక్కోదు, అంచులో సందు పడి మళ్ళీ పుచ్చుతుంది. గాజు పొడితో చేసే సిమెంటు ఒకటుంది. తడికి కాస్త ఓర్చుకుంటుంది గానీ నమిలే చోట పెడితే అరిగిపోతుంది. చిన్నపిల్లలకీ, పంటి మొదట్లో పుచ్చులకీ మంచిది. బంగారంతోనో పింగాణీతోనో బయట చేయించి అతికించేవి ఉన్నాయి, వాటికి అచ్చు తీసుకోవాలి, రెండుసార్లు రావాలి, పన్ను కూడా కాస్త ఎక్కువ అరగదీయాలి. ఆఖరిది పాతకాలపు వెండి రంగుది. వెండి, తగరం, రాగి కలిసిన పొడిని పాదరసంతో కలిపి ముద్ద చేసి అదిమి పెడతాం. అందంగా ఉండదు. నల్లబడుతుంది. కానీ తడిలో కూడా కుదురుకుంటుంది, నమిలే చోట ఏళ్ళ తరబడి నిలబడుతుంది.

నోరు చూడకుండా మాట ఇవ్వను. నువ్వు రోజంతా రుచి చూసే మనిషివి, నీ నోట్లో ఊట ఎలా ఉంటుందో నేను ఊహించుకోగలను. వచ్చే వారం సెలవు పెట్టి రా. అన్నయ్యని తీసుకురాకు, ఆయన డ్రిల్లు చప్పుడుకే పడిపోతాడు.

నీ మరదలు


ఫ్యాక్టరీ క్వార్టర్స్
గురువారం, టీ బ్రేకులో

డాక్టరమ్మా,

నీ చెయ్యి చల్లగా ఉండాలి. నిన్న చల్లటి నీళ్ళు గ్లాసుడు ఒక్క గుక్కలో తాగి మీ అన్నయ్య ముందు గ్లాసు బోర్లించి చూపించాను. ఆయన ఒప్పుకోలేదు గానీ ముఖం చూస్తే తెలిసింది.

ఈ వారమంతా నమిలాను. చక్కెర పలుకు ఒక్కటి తగిలినా తెలుస్తోంది. మొదటి రోజు నోట్లో పాత తాళంచెవి పెట్టుకున్నట్టు ఉంది, తర్వాత పోయింది. నువ్వన్నట్టే అయింది. ఎన్ని దూది ఉండలు పెట్టినా నా నోట్లో ఊట ఆగలేదు, నువ్వేమో నవ్వుతూ, వదినా నీ నోరు మీ ఫ్యాక్టరీకి అమ్ముడుపోయింది, పంటి రంగుది ఇందులో నిలవదు అన్నావు. వెండే వేశావు. బాగుంది.

ఇక నా సందేహం. నాకు వెండి కలిపేటప్పుడు తలుపు ఎందుకు వేశావు? మిగతావాళ్ళకి వేసేటప్పుడు తలుపు బార్లా తీసే ఉంది, నేను బయట కూర్చుని చూశాను. నాకు వేసేటప్పుడు మాత్రం గొళ్ళెం పెట్టి, సామాను ఏ మూలనుంచో తీశావు. బయట హాల్లో పెద్ద బోర్డు ఒకటి ఉంది. మీ నోట్లో విషం ఉందా, వెండి తీయించుకోండి అని రంగురంగుల్లో రాసి ఉంది. నా పక్కన కూర్చున్న పెద్దాయన ఆ బోర్డు చదివి, చేత్తో పెదవి లాగి, అద్దంలో తన పళ్ళు చూసుకుంటున్నాడు, వణుకుతూ. అది విషమైతే నాకెందుకు వేశావు? విషం కాకపోతే ఆ బోర్డు ఎందుకు ఉంది?

నేను భయపడి అడగడం లేదు. నువ్వు నాకు విషం పెట్టవు, పెట్టాలనుకుంటే మా పెళ్ళైన కొత్తలోనే పెట్టేదానివి. నువ్వెందుకు భయపడుతున్నావో అది అడుగుతున్నాను.

నీ వదిన


క్లినిక్ మీది గది

వదినకి,

పన్ను బాగుందంటే సంతోషం. తలుపు సంగతి ఏమీ లేదు, ఏసీ చల్లదనం పోతుందని వేశాను. బోర్డు పెద్ద డాక్టరుగారు పెట్టించారు, క్లినిక్ ఆయనది, వాళ్ళ వ్యాపారం వాళ్ళది. నువ్వు మనసులో పెట్టుకోకు.

రెండుపూటలా బ్రష్ చెయ్యి. పడుకునే ముందు తప్పనిసరిగా చెయ్యి. అన్నయ్యని అడిగానని చెప్పు.

నీ మరదలు


ఫ్యాక్టరీ క్వార్టర్స్
ప్యాకింగ్ నుంచి వచ్చి, చేతులు కూడా కడుక్కోకుండా

డాక్టరమ్మగారికి,

చూశావా, గారు పెట్టాను. కోపం వస్తే నాకు మర్యాద పెరుగుతుంది.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న మాట నా నోటికే రాసిపెట్టి ఉంది కాబోలు. విను. మా దగ్గర ప్యాక్ చేసిన బిస్కట్లని కొన్ని వారాలు బీరువాలో ఉంచి, తర్వాత విప్పి రుచి చూడాలి, మెత్తబడ్డాయేమోనని. ఆ ప్యాకెట్ లోపల వెండికాగితం పొర ఉంటుంది. రుచి బల్ల దగ్గర కత్తెర ఉండకూడదు. పిన్నీసు, గాజు, ఉంగరం, చెవిపోగు, ఇనుప వస్తువు ఏదీ తినేవాటి దగ్గరికి రాకూడదని రూలు. చేతికి గ్లవుజు ఉంటుంది, జారిపోతుంది. అందుకని ఆ బల్ల మీద పని చేసిన ప్రతి ఒక్కరూ ప్యాకెట్‌ని పక్క పళ్ళతోనే చింపుతారు. నాకు ముందు పనిచేసినామె నాకు అలాగే నేర్పింది. నేనూ అలాగే చింపాను.

వెండికాగితం నీ వెండికి తగిలింది. కరెంటు తీగ పట్టుకున్నట్టు దవడంతా ఝల్లుమంది. కుర్చీలోంచి ఎగిరి కెవ్వుమని అరిచాను, ట్రే కిందపడింది. సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చి ఏమైందన్నాడు. నోట్లో వెండి ఫిల్లింగ్ ఉంది, దానికి కాగితం తగిలిందని చెప్పాను. నిజం చెప్పడం నాకున్న జబ్బు. ఆయనేమో, వెండి అంటే లోహమే కదమ్మా అన్నాడు.

ఆ రోజు సాయంత్రానికి నన్ను ప్యాకింగ్‌కి పంపేశారు. మేనేజరు పిలిచి మెత్తగా చెప్పాడు, చెవిపోగు తీసినట్టే ఇదీ తీసెయ్యమని. నెలాఖరు లోపల పన్ను పీకించుకునైనా సరే, వెండి తీయించుకునైనా సరే రావాలట. లేకపోతే నా కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెడతారు. తాత్కాలికంగా మేనేజరు బావమరిది కూర్చున్నాడు. ఈ వారంలో ఒక్క ట్రే కూడా వెనక్కి రాలేదు. వాడికి అన్నీ బాగానే ఉన్నాయి.

నువ్వు నాకు ఆ కాగితం సంగతి ముందే ఎందుకు చెప్పలేదు? ఇన్ని రకాలు రాశావు, గాజన్నావు, పింగాణీ అన్నావు, ఊళ్ళో ఉన్న రకాలన్నీ చెప్పావు. వెండికాగితం కొరక్కు వదినా అని ఒక్క ముక్క రాస్తే నీ సిరా అయిపోయేదా?

ఈ ఉత్తరానికి క్షేమం అడగడాలు లేవు.

వదిన


క్లినిక్ మీది గది
ఉదయం, ఇంకా కిందికి దిగలేదు

వదినా,

నువ్వు తిట్టినదంతా సబబే. కాగితం తగిలితే ఝల్లుమంటుందని నాకు తెలుసు, కొత్తగా వేసినప్పుడు ఎక్కువగా ఉంటుందని, పోను పోను తగ్గుతుందని కూడా తెలుసు. మామూలుగా అందరికీ చెప్తాను. నీకు చెప్పలేదు. ఎందుకంటే ఆ రోజు నా చెవులు తలుపు మీద ఉన్నాయి.

ఏసీ అన్నది అబద్ధం. ఈ క్లినిక్‌లో వెండి వెయ్యకూడదని పెద్ద డాక్టరుగారు ఆజ్ఞ వేశారు. కొత్తగా వెయ్యడం తగ్గించడం మంచిదే, పాదరసం నీళ్ళలో మట్టిలో కలవకూడదు, అది నేనూ ఒప్పుకుంటాను. చిన్నపిల్లలకీ, కడుపుతో ఉన్నవాళ్ళకీ వెయ్యను కూడా. కానీ ఆయన అంతటితో ఆగలేదు. ఎవరి నోట్లో పాత వెండి కనిపించినా, అది ఎంత గట్టిగా ఉన్నా, విషమని చెప్పి తవ్వి తీసి తెల్లది పెట్టాలంటున్నారు. కుదురుగా ఉన్నదాన్ని తవ్వితే ఏమవుతుందో ఆయనకి తెలియక కాదు. తవ్వినప్పుడల్లా దానితో పాటు మంచి పన్ను కూడా కొంచెం పోతుంది. రెండుసార్లు తవ్వితే గోడలు పల్చబడి పన్ను విరుగుతుంది. లోపల కదలకుండా ఉన్న పాదరసం కూడా తవ్వినప్పుడే ఎక్కువ ఆవిరై లేస్తుంది. నీకు మాత్రం వెండి తప్ప వేరే దారి కనిపించలేదు, అందుకని తలుపేసుకుని దొంగలా వేశాను.

ఇప్పుడు సిగ్గుపడాల్సిన మాట రాస్తున్నాను. నిన్న ఆయన పిలిచి, రేపట్నుంచి నువ్వూ ఆ మాట చెప్పాలి, లేకపోతే వేరే చోటు చూసుకో అన్నారు. నేను సరే అన్నాను. ఊళ్ళో ఉన్న మిగతా క్లినిక్‌లన్నీ ఆయన శిష్యులవి. సరే అని, పైకొచ్చి గది తలుపు వేసుకున్నాను.

నువ్వు కూడా రా. వచ్చే సోమవారం నీ వెండి తీసేసి తెల్లది పెడతాను, ఇద్దరు మనుషుల్ని పెట్టి నీ నోరు ఆరబెట్టి ఎలాగోలా పెడతాను. కొన్నాళ్ళైనా నిలుస్తుంది. నీ కుర్చీ నీకు దక్కుతుంది. మొండికేసి లాభం లేదు, మనిద్దరం ఒకరి కింద పనిచేసేవాళ్ళం.

నీ మరదలు


ఫ్యాక్టరీ క్వార్టర్స్
శనివారం

ఒసే పిచ్చిదానా,

సోమవారం రాను. ఆ తర్వాత సోమవారం కూడా రాను. నువ్వు నా నోట్లో పెట్టింది కదలడం లేదు, నొప్పి లేదు, చక్కెర పలుకు తగిలితే చెప్తోంది. బాగున్నదాన్ని తవ్వితే మంచి పన్ను కూడా పోతుందని నువ్వే రాశావు, అదే ఉత్తరంలో కింద తవ్వుతాను రమ్మన్నావు. పై పేజీ రాసిన డాక్టరూ కింది పేజీ రాసిన డాక్టరూ ఒకసారి కలుసుకుని మాట్లాడుకుంటే బాగుంటుంది.

నీ మీద కోపం పోయింది. కాగితం సంగతి నువ్వు చెప్పకపోయినా, నోరు మూసుకుని దవడ పట్టుకుని కూర్చునే ఆడదాన్నైతే సూపర్‌వైజరుకి తెలిసేదే కాదు. నేను అరిచాను. అరవడం నా తప్పు కాదు, పంటికి అలా చేస్తుంది.

కానీ ఇంకో కోపం వచ్చింది. మనిద్దరం ఒకరి కింద పనిచేసేవాళ్ళం అన్నావు చూడు, దానికి. పనిచేస్తాం, చెయ్యి ఇస్తాం, నడుము ఇస్తాం, రోజంతా ఇస్తాం. నోట్లో చెయ్యి పెట్టి లాక్కోవడానికి ఇవ్వలేదు. చెవిపోగు తియ్యమంటే తీశాను, పెళ్ళి ఉంగరం తియ్యమంటే సబ్బు రాసి లాగి తీశాను. పన్ను నా ఒంట్లోది. నువ్వు దాన్ని బాగుచేశావు. బాగైనదాన్ని రూలు కోసం పాడుచేసుకోవడానికి నేను ఒప్పుకోను. మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు, మేనేజరు రాజు కూడా కాదు.

ప్యాకింగ్‌లో ఉండటం వల్ల ఒక మేలు జరిగింది. అక్కడ అందరం ఒక బల్ల చుట్టూ కూర్చుని టీ తాగుతాం. నా సంగతి చెప్తే ఒకామె నోరు తెరిచి, నాకూ ఉందే వదినా అంది. నిజంగానే ఉంది, నల్లగా, బఠాణీ అంత. పక్కనామె ఆవిడకీ ఉందంది. ఓవెన్ దగ్గర పనిచేసే పిన్ని ఉంది కదా, నోట్లో నాలుక లేనట్టుంటుందని అందరూ అనే మనిషి, ఆవిడ నోరు తెరిస్తే రెండువైపులా వెండే. ఈ ఫ్యాక్టరీలో ఇన్నేళ్ళుగా తినేవాటి మీద అంత వెండి వంగి పనిచేస్తోంది, ఒక్క బిస్కట్‌లోకీ రాలిపడలేదు.

ఏం చెయ్యాలో నాకు ఒక ఆలోచన వచ్చింది. మీ అన్నయ్యకి చెప్పలేదు. ఆయన ఉద్యోగం కూడా ఈ గేటు లోపలే కాబట్టి భయపడతాడు. నీకూ చెప్పను. నువ్వు ముందు నీ సంగతి చూసుకో. ఆ బోర్డు చదివి వణికిన పెద్దాయన మళ్ళీ వస్తే ఏం చెప్తావో నాకు రాయి. దానికి జవాబు వచ్చేదాకా నువ్వు నా మరదలివి కావు, మీ అన్నయ్య చెల్లెలివి అంతే.

వదిన


క్లినిక్ మీది గది, రేపటి నుంచి నాది కాదు

వదినా,

ఆ పెద్దాయన నిన్న వచ్చాడు. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారట. నోరు తెరిపించి అద్దం పెట్టి చూశాను. మూడు వెండివి, నేను పుట్టకముందు వేసినవి, అంచులు ఇప్పటికీ కత్తిరించినట్టున్నాయి. వేసినవాళ్ళెవరో గానీ వాళ్ళ చెయ్యి మంచిది. గుమ్మంలో పెద్ద డాక్టరుగారు చేతులు కట్టుకుని నిలబడ్డారు, నేనేం చెప్తానో వినడానికి.

నీ ఉత్తరం నా కోటు జేబులోనే ఉంది. మాస్టారితో అన్నాను, "మీ పళ్ళకి ఏమీ కాలేదండీ. ఆ బోర్డు చూసి భయపడకండి. ఇంటికి వెళ్ళండి." ఆయన నమ్మలేదు. నిజంగా తియ్యక్కర్లేదా అని మళ్ళీ మళ్ళీ అడిగి, నేను అక్కర్లేదన్నప్పుడల్లా కొంచెం కొంచెం నిటారుగా కూర్చున్నాడు.

తర్వాత ఏం జరిగిందో నువ్వు ఊహించే ఉంటావు. పెద్ద డాక్టరుగారు అరవలేదు. సామాను సర్దుకోమన్నారు. వెళ్ళేటప్పుడు బోర్డు తీసి గోడవైపు తిప్పి పెట్టాను. చిన్నపిల్లల పని అది, తెలుసు. చాలా హాయిగా అనిపించింది.

ఇప్పుడు నాకు కూర్చోవడానికి చోటు లేదు, పనిచెయ్యడానికి కుర్చీ లేదు. భయంగా ఉంది వదినా. ఏడ్చాను కూడా, దాచను. కానీ సరే అన్న రోజున వేసుకున్న తలుపు ఇవాళ బార్లా తీసే ఉంది. ఊరి చివర ప్రభుత్వ ఆసుపత్రిలో పళ్ళ గది ఒకటి తాళం వేసి ఉందట, డాక్టరు లేక. వెళ్ళి అడుగుతాను.

నన్ను మళ్ళీ మరదల్ని చేసుకో. నీ ఆలోచన ఏమిటో చెప్పు. నీ కుర్చీ సంగతి ఏమైంది?

నీ మరదలు


ఫ్యాక్టరీ క్వార్టర్స్
నెలాఖరు

బంగారు తల్లీ, నా మరదలా,

నీ ఉత్తరం పట్టుకుని వంటింట్లో నేనూ ఏడ్చాను. ఉల్లిపాయలు అన్నాను మీ అన్నయ్యతో. ఆయనకి చెప్పాక ఆయన వెళ్ళి వ్యాన్ తుడిచాడు, శుభ్రంగా ఉన్న వ్యాన్‌ని.

సోమవారం సంగతి విను. పొద్దున్న గేటు దగ్గర ఒకామె మమ్మల్ని తనిఖీ చేస్తుంది, గాజులు, పిన్నీసులు ఉన్నాయా అని. నా వంతు వచ్చినప్పుడు చేతులు చాపాను, చెవులు చూపించాను, తర్వాత నోరు తెరిచాను. ఇక్కడ లోహం ఉంది, రూలు ప్రకారం నేను లోపలికి రాకూడదు, రాసుకో అన్నాను. పక్కకి వెళ్ళి గోడ దగ్గర నిలబడ్డాను. నా వెనకామె కూడా నోరు తెరిచింది. ఆమె వెనకామె కూడా. ఓవెన్ పిన్ని వచ్చి రెండువైపులా చూపించి, నాకు రెండుసార్లు రాసుకో అంది. ఎవరూ నినాదాలు చెయ్యలేదు, ఎవరూ గొడవ చెయ్యలేదు. రూలు పాటిస్తున్నాం అంతే. గోడ పొడుగునా నిలబడ్డాం.

వ్యాన్ డ్రైవర్లు కూడా వచ్చారు. వాళ్ళలోంచి మీ అన్నయ్య వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఆయన నోట్లో ఏమీ లేదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. గేటు ఆమె టార్చి వేసి చూసి, మీకేమీ లేదండీ అంటే, సరిగ్గా చూడమ్మా అని ఇంకా పెద్దగా తెరిచాడు. ఇన్నేళ్ళ కాపురంలో నాకు ఆయన మీద అంత ప్రేమ ఎప్పుడూ రాలేదు.

లోపల రాత్రి షిఫ్టువాళ్ళు కలిపిన పిండి కలిపినట్టే ఉంది, వాళ్ళు ట్రేలు పెట్టిపోయిన ఓవెన్ కాలుతూనే ఉంది. సూపర్‌వైజరు వచ్చి బతిమాలాడు, తర్వాత బెదిరించాడు, తర్వాత మేనేజర్ని పిలుచుకొచ్చాడు. మేనేజరు అందరూ లోపలికి రండి అన్నాడు. నేనన్నాను, "నా నోట్లో ఉంటే లోహం, వీళ్ళ నోట్లో ఉంటే కాదా? ఏదో ఒకటి చెప్పండి, అదే చేస్తాం." ఆయన నన్ను చూశాడు, గోడ చూశాడు, లోపల ఓవెన్ పొగ చూశాడు. ఒంటి మీద పెట్టుకునే వాటికే రూలు, ఒంట్లో ఉన్నవాటికి కాదు అని అందరి ముందూ చెప్పాడు. అదే కాగితం మీద రాసి గేటుకి అంటించమన్నాను. అంటించారు. మేనేజరు బావమరిదిగారు కుర్చీ ఖాళీ చేశారు, సీటు మీద బిస్కట్ పొడి అంతా వదిలేసి.

వెండికాగితం ఇకమీదట పళ్ళతో చింపను, చేత్తో చిరిగేలా అంచున గంటు పెట్టి పంపమని ప్యాకింగ్‌కి చెప్పాను. నువ్వు ఆసుపత్రి గది తాళం సంగతి చూడు. అది తెరుచుకునేదాకా ఇక్కడికి వచ్చెయ్యి. ఇల్లు చిన్నదే, నీకు చాలుతుంది. రాకపోతే మీ అన్నయ్యే వ్యాన్ వేసుకుని వస్తాడు.

ఇక ఆఖరి ముక్క. కుర్చీ తుడుచుకుని కూర్చున్నాను. మొదటి ట్రే వచ్చింది. సూపర్‌వైజరు తల మీదే నిలబడి చూస్తున్నాడు. అందరూ పని ఆపి చూస్తున్నారు. ఒకటి తీసి, విరిచి, కొరికి, నీ వెండి మీదే పెట్టి నమిలాను. అడుగు మాడింది. మేమంతా గోడ దగ్గర నిలబడ్డప్పుడు ఓవెన్‌లో ఉండిపోయిన ట్రే అది, ఓవెన్ పిన్ని వేళకి తియ్యాల్సిన ట్రే. ఆవిడ నా వంక చూసింది. నా కోసం రెండువైపులా నోరు తెరిచిన మనిషి.

ఊసేసి, ట్రే వెనక్కి పంపించాను.

నీ వదిన